నిమిషాలు ఎక్కడ పోతున్నాయి?
(డాక్టర్ ఎస్. పద్మావతి స్మృతిలో చేసిన ఉపన్యాసం పాఠం)



పద్మావతి గారి పేరు రాగానే మన దేశంలో తొలి మహిళా హృద్రోగ నిపుణురాలు అంటాం. 1917లో బర్మాలో పుట్టారు. రంగూన్ వైద్య కళాశాలలో చదివారు. యుద్ధకాలంలో కోయంబత్తూరు చేరారు. లండన్ వెళ్ళి పై చదువులు చదివారు. ఆ తర్వాత అమెరికాలో హెలెన్ టౌసిగ్ దగ్గర, పాల్ డడ్లీ వైట్ దగ్గర పని నేర్చుకుని 1953లో ఢిల్లీ లేడీ హార్డింజ్ వైద్య కళాశాలలో చేరారు. 2020 ఆగస్టులో, నూట మూడేళ్ళ వయసులో, కోవిడ్‌తో కన్నుమూశారు. పద్మవిభూషణ్ సంగతి, ఢిల్లీలో ఆవిడ నెలకొల్పిన నేషనల్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్ సంగతి మీకు తెలిసినవే.

నాకు మాత్రం ఆవిడ అనగానే 1959లో అమెరికా వాళ్ళ 'సర్క్యులేషన్' పత్రికలో అచ్చయిన వ్యాసం గుర్తొస్తుంది. ఊపిరితిత్తుల జబ్బు ముదిరి గుండె కుడిభాగం దెబ్బతినడం గురించి, ఢిల్లీలో చూసిన 127 మంది రోగుల మీద, సహచరుడితో కలిసి రాసింది. ఆ జబ్బు పొగతాగే మగవాళ్ళదని పాశ్చాత్య పుస్తకాలు రాశాయి. ఢిల్లీలో చూస్తే బీడీ ముట్టని ఆడవాళ్ళలోనూ అది మగవాళ్ళలో ఉన్నంతగానే కనబడింది. ఏళ్ళ తరబడి గాలి ఆడని వంటింట్లో పిడకల పొగ, కట్టెల పొగ పీల్చిన ఆడవాళ్ళు వాళ్ళు. పుస్తకంలో లేదు కనుక ఇది మరేదో అయి ఉంటుందని ఆవిడ పక్కన పెట్టెయ్యలేదు. వచ్చిన రోగుల్ని లెక్కపెట్టారు, మగ ఆడ వేరుచేసి చూశారు, వాళ్ళ బతుకు ఎలా గడుస్తోందో అడిగారు. ఈ రోజు నేను మాట్లాడబోయే విషయానికి ఆ పద్ధతే పట్టు.

విషయం ఇది. గుండెపోటు వచ్చి, ఆసుపత్రికి చేరి, అత్యవసర చికిత్స అందుకున్న తర్వాత కూడా మగవాళ్ళ కంటే ఆడవాళ్ళు ఎక్కువగా చనిపోతున్నారు. ఎందుకు?

ఈ ప్రశ్నకు చాలాకాలం సమాధానం లేకపోవడానికి కారణం, దాన్ని అడిగినవాళ్ళు లేకపోవడమే. గుండెపోటు రాకుండా ఆస్పిరిన్ పనిచేస్తుందని 1989లో తేల్చిన అమెరికా అధ్యయనంలో 22,071 మంది వైద్యులు పాల్గొన్నారు. ఒక్క స్త్రీ లేదు. కొలెస్ట్రాల్, బీపీ, పొగతాగడం మీద అక్కడే జరిగిన మరో పెద్ద అధ్యయనంలో 12,866 మంది ఉన్నారు, అందరూ మగవాళ్ళే. ఆ ఫలితాలనే ప్రపంచమంతా ఆడవాళ్ళకూ వర్తింపజేశాం.

1991 జులైలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒకే సంచికలో రెండు అధ్యయనాలు వేసింది. ఒకదానిలో, గుండెపోటుకు ముందే ఛాతీనొప్పితో బాధపడిన మగవాళ్ళలో 27.3 శాతం మందికి గుండె ధమనులు చూసే క్యాథెటర్ పరీక్ష చేయించారు, ఆడవాళ్ళలో 15.4 శాతానికే. నొప్పి వల్ల రోజువారీ పనులు కుంటుపడ్డాయని చెప్పింది మాత్రం ఆడవాళ్ళే ఎక్కువ. ఆ సంచికకు సంపాదకీయం రాసింది బెర్నడీన్ హీలీ. ఆవిడా హృద్రోగ నిపుణురాలే, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు తొలి మహిళా డైరెక్టర్. మగవేషం వేసుకుని చదువుకున్న యెంట్ల్ అనే యూదు అమ్మాయి కథను ఆవిడ అక్కడ గుర్తుచేశారు. తన జబ్బు అచ్చం మగవాడి జబ్బులా ఉందని రుజువు చేసుకుంటే తప్ప ఆడమనిషికి మగవాడికి అందే వైద్యం అందడం లేదని ఆవిడ ఆరోపణ. ఆ మాట తర్వాత డబ్బూ, పెద్ద అధ్యయనాలూ వచ్చాయి.

వాటిలో నేను విద్యార్థులకు తప్పకుండా చెప్పేది 1999లో వియోలా వకారినో బృందం ప్రచురించినది. అమెరికాలో గుండెపోటుతో చేరిన 3,84,878 మంది వివరాలు. ఆసుపత్రిలో ఉండగానే చనిపోయినవాళ్ళు ఆడవాళ్ళలో 16.7 శాతం, మగవాళ్ళలో 11.5 శాతం. దీనికి వెంటనే ఒక సమాధానం తడుతుంది. ఆడవాళ్ళకు గుండెపోటు సగటున ఏడెనిమిదేళ్ళు ఆలస్యంగా వస్తుంది. అప్పటికి షుగరు, బీపీ, కిడ్నీ బలహీనత తోడై ఉంటాయి, పెద్దవయసు వాళ్ళు ఎక్కువగా పోవడం సహజమే కదా అని. ఈ సమాధానంలో నిజం ఉంది, కొట్టిపారెయ్యకూడదు. కానీ వకారినో బృందం వయసుల వారీగా విడదీసి చూస్తే, డెబ్భై అయిదు దాటినవాళ్ళలో తేడా దాదాపు లేదు. తేడా అంతా చిన్నవయసులో ఉంది. యాభై లోపు ఆడవాళ్ళు అదే వయసు మగవాళ్ళ కంటే రెండు రెట్లకు పైగా చనిపోయారు. పాత జబ్బులు, చేరేటప్పటి పరిస్థితి, మొదట్లో అందిన చికిత్స, ఇవన్నీ లెక్కలో వేసుకున్నా ఆ తేడాలో మూడోవంతుకే లెక్క కుదిరింది. ముసలితనం మీద నెట్టేయడానికి వీల్లేని మరణాలివి. నలభై అయిదేళ్ళ మనుషుల మరణాలు, పిల్లల పెళ్ళిళ్ళు ఇంకా కాని తల్లుల మరణాలు.

ఇక్కడ కాస్త జబ్బు సంగతి చెప్పాలి, వైద్యులు కానివాళ్ళు సభలో చాలామంది ఉన్నారు. గుండె కండరానికి రక్తం తెచ్చే కరోనరీ ధమనిలో కొవ్వు పేరుకున్న చోట పగులు వచ్చి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఆ క్షణం నుంచి అవతలి కండరం చావడం మొదలుపెడుతుంది. దారి తెరవడానికి రెండు మార్గాలు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఒకటి. స్ట్రెప్టోకైనేస్‌తో మొదలై ఇప్పుడు టెనెక్టెప్లేస్ దాకా వచ్చాం. రెండోది, సన్నటి తీగ మీద బెలూను పంపి ధమనిని తెరిచి స్టెంట్ వెయ్యడం. 1977 సెప్టెంబరులో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ మొదటి కరోనరీ యాంజియోప్లాస్టీ చేశాడు. గుండెపోటు నడుస్తుండగానే నేరుగా ఈ పని చెయ్యడం ఎనభైల్లో మొదలైంది. ఏ మార్గమైనా గడియారమే యజమాని. రోగి వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తియ్యాలి, తొంభై నిమిషాల్లో ధమని తెరవాలి, అది కుదరని ఊళ్ళో అరగంటలో ఇంజెక్షన్ పడాలి. మొదటి గంటలో తెరిచిన ధమనికీ ఆరో గంటలో తెరిచిన ధమనికీ మధ్య ఉన్నది, తర్వాత ఆ మనిషి మెట్లెక్కగలదా, అసలు బతుకుతుందా అన్న తేడా.

ఆడవాళ్ళ విషయంలో ఈ నిమిషాలు ఎవరి చేతుల్లో పోతున్నాయో వెతకడమే నా ఉపన్యాసం.

మొదట ఒక పాత నమ్మకాన్ని సరిచెయ్యాలి. ఆడవాళ్ళకు గుండెపోటు వస్తే ఛాతీనొప్పి రాదు, వింత లక్షణాలు వస్తాయి, అందుకే కనిపెట్టడం కష్టం అని మాకు తరగతిలో చెప్పారు, మేమూ చెప్పాం. అమెరికా, స్పెయిన్, ఆస్ట్రేలియాల్లో యాభై అయిదు లోపు వయసువాళ్ళ మీద 'వర్గో' అనే అధ్యయనం జరిగింది. అమెరికాలోని రోగుల వివరాలు 2018లో వచ్చాయి. 2,009 మంది స్త్రీలు, 976 మంది పురుషులు. ఛాతీలో నొప్పి, బరువు, పట్టేసినట్టుండటం, ఇవి ఉన్నాయని చెప్పినవాళ్ళు ఆడవాళ్ళలో 87 శాతం, మగవాళ్ళలో 89.5 శాతం. తేడా ఏమంత? అయితే ఆడవాళ్ళు ఆ నొప్పితో పాటు మరో మూడు నాలుగు బాధలు కూడా చెబుతారు. దవడ లాగుతోంది, వీపు పట్టేసింది, కడుపులో తిప్పుతోంది, ఆయాసం, ఒళ్ళంతా చెమటలు, కాళ్ళలో సత్తువ లేదు. వినేవాడు ఆ జాబితాలో తనకు నచ్చినదాన్ని పట్టుకుంటాడు. ఇదే అధ్యయనంలో, గుండెపోటుకు ముందు అలాంటి బాధలతోనే వైద్యుల దగ్గరికి వెళ్ళినవాళ్ళున్నారు. "ఇది గుండెకు సంబంధించింది కాదు" అని వైద్యుడు భావించాడని చెప్పినవాళ్ళు ఆడవాళ్ళలో 53 శాతం, మగవాళ్ళలో 37 శాతం. ఆడవాళ్ళు నొప్పి చెప్పకపోవడం కాదండీ, చెప్పింది మనం గుండె ఖాతాలో రాయకపోవడం.

మన ఊళ్ళలో ఆ ఖాతా పేరు గ్యాస్. రాత్రి భోజనాలయ్యాక గుండెల్లో మంటగా, బరువుగా ఉందని ఇల్లాలు అంటే, "పొద్దున్నించి ఏమీ తినలేదు, గ్యాస్ పట్టేసి ఉంటుంది" అని ఇంట్లోవాళ్ళ కంటే ముందు ఆవిడే అనేసుకుంటుంది. సోడా తాగుతుంది, గ్యాస్ బిళ్ళ వేసుకుంటుంది. తెల్లారి ఆర్‌ఎంపీ ఒక ఇంజెక్షన్ ఇస్తాడు. కాస్త చదువుకున్న ఇళ్ళలో గ్యాస్ బదులు టెన్షన్ అంటారు. అదే బాధ ఆవిడ భర్తకు వస్తే పది నిమిషాల్లో బండి బయలుదేరుతుంది. ఏ ఇంటినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. గుండెపోటు మగవాళ్ళ జబ్బని మనమంతా నమ్మాం, ఆ నమ్మకం ఆడవాళ్ళలో మరీ గట్టిగా ఉంది.

తర్వాత కాజువాలిటీ. ఇక్కడ పోయే నిమిషాలకు మాత్రం పూర్తి బాధ్యత మాది. ఆడమనిషి ఈసీజీ తియ్యాలంటే పక్కకు తీసుకెళ్ళాలి, పరదా కావాలి, నర్సు రావాలి. ఈ ఏర్పాటు ముందే లేని చోట పది నిమిషాలు అరగంట అవుతుంది. ఈసీజీ చేతికొచ్చాక దాన్ని చదవడంలోనూ తేడా ఉంది. గుండె ముందుభాగాన్ని చూపే వి2, వి3 లీడ్లలో గీత ఎంత పైకి లేస్తే గుండెపోటు అనాలో ప్రమాణాలున్నాయి. నలభై దాటిన మగవాడికి రెండు మిల్లీమీటర్లు, ఆడవాళ్ళకు ఏ వయసులోనైనా ఒకటిన్నరే. మగవాడి కొలత పెట్టుకుని చూస్తే ఆడమనిషి గుండెపోటు కాగితం మీద కనపడుతూనే జారిపోతుంది. గుండె కండరం దెబ్బతిన్నదా అని రక్తంలో చూసే ట్రోపోనిన్ పరీక్ష కూడా అంతే. బాగా వాడుకలో ఉన్న ఒక సున్నిత పరీక్షలో మగవాళ్ళ హద్దు లీటరుకు 34 నానోగ్రాములు, ఆడవాళ్ళ హద్దు 16. ఇద్దరికీ ఒకే హద్దు అచ్చువేసిన రిపోర్టులు ఇప్పటికీ వస్తుంటాయి. మీ ల్యాబు రిపోర్టు ఎలా ఉందో వైద్య మిత్రులు ఒకసారి చూసుకోండి.

ధమని తెరిచి స్టెంట్ వేసే క్యాథ్ ల్యాబులో జరిగేది ఇంకొంచెం సూక్ష్మమైన విషయం. గడ్డకట్టకుండా ఇచ్చే మందుల వల్ల ఆడవాళ్ళకు రక్తస్రావం ఎక్కువ. ఒంటి బరువు తక్కువ, కిడ్నీల పనితీరు తక్కువ. అయినా మోతాదు అలవాటు ప్రకారమే ఇచ్చేస్తాం. తీగ గజ్జలోంచి వెళితే అక్కడ రక్తం కారే ప్రమాదం, మణికట్టు ధమనిలోంచి వెళితే అది బాగా తగ్గుతుంది. ఆడవాళ్ళ మణికట్టు ధమని సన్నగా ఉంటుంది, బిగుసుకుంటుంది, అందుకని కొందరు గజ్జకే వెళతారు. చెయ్యి తిరగాలంటే కొంత ఓపిక కావాలి, ఆ ఓపిక ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళ దగ్గరే మనం తొందరపడుతున్నాం.

ఆడవాళ్ళ శరీరంలో నిజంగానే వేరుగా ఉన్నవీ ఉన్నాయి. అన్నిటినీ నిర్లక్ష్యం ఖాతాలో వేస్తే అదీ అబద్ధమే. కొందరికి కొవ్వు పేరుకోకుండానే ధమని లోపలి పొర తనంతట తాను చీలుతుంది. ఈ చీలిక వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది స్త్రీలే, ప్రసవమైన కొత్తలో కూడా వస్తుంది. అక్కడ తొందరపడి స్టెంట్ వేస్తే చీలిక పెరగవచ్చు, చాలాసార్లు కనిపెట్టుకుని ఉండటమే మంచి వైద్యం. ఇంకొందరికి యాంజియోగ్రామ్‌లో పెద్ద ధమనుల్లో అడ్డు కనబడదు. గుండెపోట్లలో ఇవి సుమారు ఆరు శాతం, ఆడవాళ్ళలో ఇంకా ఎక్కువ. "మీ రక్తనాళాలు బాగున్నాయమ్మా, భయం లేదు" అని ఇంటికి పంపిన అలాంటి మనిషి కారణం తేలక, మందు లేక, మళ్ళీ అదే బాధతో వస్తుంది. గర్భంలో బీపీ పెరిగి గుర్రపువాతం ముప్పు దాకా వచ్చిన తల్లికి తర్వాతి జీవితంలో గుండెజబ్బు ప్రమాదం రెండింతలు. కాజువాలిటీలో నలభై ఏళ్ళ స్త్రీని కాన్పుల సంగతి అడిగే అలవాటు మనకు ఇంకా రాలేదు.

తెలుగు నేలకు ప్రత్యేకించి మరొకటి అడగాలి. గర్భసంచి తీసేశారా అని. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. దానితో పాటు అండాశయాలు కూడా తీసేసిన చోట స్త్రీకి సహజంగా ఉండే హార్మోను రక్షణ ముప్ఫైల్లోనే పోతుంది, గుండెజబ్బు ముందుకు జరుగుతుంది. "ఆడవాళ్ళకు ఈ వయసులో గుండెపోటు రాదు" అన్న మాట మన జిల్లాల్లో అనడానికే వీల్లేదు.

మన దేశం సంగతి చూద్దాం. 2008లో లాన్సెట్‌లో వచ్చిన 'క్రియేట్' రిజిస్ట్రీలో యాభై నగరాల నుంచి 20,468 మంది రోగులున్నారు. ఆడవాళ్ళు 23.6 శాతం. నొప్పి మొదలైన దగ్గర్నుంచి ఆసుపత్రి చేరడానికి పట్టిన మధ్యస్థ కాలం 360 నిమిషాలు. ఆరు గంటలు! ఇది మగ ఆడ అందరినీ కలిపి. ఆడరోగులు నాలుగోవంతు కూడా లేరని చూసి ఆడవాళ్ళకు గుండెజబ్బు తక్కువని సంతోషించడానికి నాకు మనసొప్పదు. కొంత నిజంగా తక్కువే. కొంతమంది మాత్రం ఆసుపత్రి దాకా రాలేదు. ఇంట్లోనే పోయిన ఆడమనిషికి "నిద్రలోనే పోయింది, పుణ్యాత్మురాలు" అంటారు, ఆమె ఏ రిజిస్ట్రీలోనూ ఉండదు.

ఆసుపత్రికి చేరాక మన దగ్గర మరో ఆలస్యం ఉంది, పాశ్చాత్య అధ్యయనాల్లో దొరకనిది. రోగి మంచం మీద స్పృహలో ఉంటుంది. ధమని మూసుకుందని ఈసీజీ చెబుతుంది. ల్యాబు సిద్ధం. "సంతకం ఎవరు పెడతారు?" అంటాం. భర్త పెద్దకొడుక్కి ఫోన్ చేస్తాడు. కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, లేదా డల్లాస్‌లో ఉంటాడు, ఫోటోలు పంపమంటాడు, ఇంకో డాక్టర్ని అడిగి చెబుతానంటాడు. ఇంజెక్షన్‌తో సరిపెట్టలేరా, రేపు పొద్దున చెయ్యకూడదా అంటాడు. మగరోగి అయితే చాలాసార్లు తన సంతకం తనే పెట్టేస్తాడు. ఆ మంచం మీది ఆడమనిషిని మాత్రం ఎవరూ అడగరు. స్పృహలో ఉన్న వయోజనురాలి శరీరానికి ఆమె అంగీకారమే అంగీకారం, కన్నతల్లి సంతకం కూడా దానికి బదులు కాదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి లాంఛనాల కోసం చికిత్స ఆపకూడదని అదే కోర్టు 1989లోనే చెప్పింది. చట్టం అడ్డు కానే కాదు, అడ్డంతా అలవాటే. డబ్బు అడ్డం అంటారా? ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది, స్టెంట్ల ధరకు 2017లో కేంద్రం పరిమితి పెట్టింది. పేదరికం పూర్తిగా పోయిందని అనను కానీ, ఒకే ఇంట్లో అదే కార్డు మీద మగవాడికి గంటలో, ఆడమనిషికి మర్నాడు జరుగుతున్నప్పుడు దానికి పేదరికం అనే పేరు చాలదు.

దీన్ని సరిచెయ్యవచ్చా? వచ్చునని చేసి చూపించినవాళ్ళున్నారు. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ 2014లో నాలుగు నియమాలు పెట్టుకుంది. ఈసీజీ ప్రమాణాలకు సరిపడగానే కాజువాలిటీ వైద్యుడే, ఎవరి అనుమతీ లేకుండా, క్యాథ్ ల్యాబును పిలవాలి. రోగిని అప్పగించేటప్పుడు అందరికీ ఒకటే చెక్‌లిస్టు. ఖాళీగా ఉన్న ల్యాబుకు వెంటనే తరలింపు. వీలైన ప్రతిచోటా ముందు మణికట్టు నుంచే ప్రయత్నం. వీటిలో ఒక్కదానిలోనూ 'స్త్రీ' అన్న మాట లేదు. అయినా ఆడవాళ్ళకు ధమని తెరవడంలో ఉన్న ఆలస్యం మగవాళ్ళతో సమానానికి వచ్చింది, మరణాల్లో తేడా తగ్గింది. నాకు ఈ అధ్యయనం మీద ప్రత్యేకమైన ఇష్టం. ఎవరి మంచితనం మీదా ఆధారపడకుండా, ఒక్కొక్కరి అంచనాకు చోటివ్వకుండా నియమం పెట్టారు. అంచనాకు చోటున్న ప్రతిచోటా ఆడమనిషే నష్టపోతోంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఒక దశాబ్దంలో మగవాళ్ళతో సమానంగా చికిత్స అంది ఉంటే 8,200 మందికి పైగా ఆడవాళ్ళు బతికేవారని లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కకట్టారు. అది అందరికీ ఉచితంగా వైద్యం దొరికే దేశం.

మన దగ్గరా నియమం ప్రకారం నడిచే పని మొదలైంది. చిన్న ప్రభుత్వాసుపత్రిలో ఈసీజీ తీసి, పెద్దాసుపత్రిలోని నిపుణుడికి పంపి, ఆయన చెప్పగానే అక్కడే టెనెక్టెప్లేస్ ఉచితంగా ఇచ్చి, ఆ తర్వాత యాంజియోగ్రామ్‌కు తరలించే పథకాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నడుస్తున్నాయి. 2005లో హైదరాబాద్‌లో పుట్టిన 108 బండి దానికి కాళ్ళు. ఇవి ఆడవాళ్ళకు ఎంత మేలు చేస్తున్నాయో తెలియాలంటే వచ్చిన అంకెల్ని మగ ఆడ విడదీసి ప్రకటించాలి. కలిపి చెప్పిన సగటులో ఆడవాళ్ళు కనపడకుండా పోతారు.

సభలో ఉన్న ఆసుపత్రి సూపరింటెండెంట్లకు, శాఖాధిపతులకు నాదొక విన్నపం. ఈ వారమే మీ గుండెపోటు రిజిస్టరు తీయించండి. వచ్చిన సమయం, ఈసీజీ తీసిన సమయం, ధమని తెరిచిన లేక ఇంజెక్షన్ పడిన సమయం, ఈ మూడూ మగవాళ్ళకు ఒక వరస, ఆడవాళ్ళకు ఒక వరస రాయించండి. రెండు వరసల మధ్య తేడాను నోటీసు బోర్డు మీద పెట్టండి. ఈసీజీ గదికి పరదా, ఇరవై నాలుగు గంటలూ ఒక నర్సు, ఇవి రేపే ఏర్పాటు చెయ్యవచ్చు. స్పృహలో ఉన్న స్త్రీ రోగి సంతకం ఆమెనే అడిగి తీసుకోవాలని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. పద్మావతి గారి పేరున దండలు, జ్ఞాపికలు ఇక చాలు, ఆ ఖర్చుతో పరదా కొనండి.

వైద్యులు కాని అక్కచెల్లెళ్ళకూ, అన్నదమ్ములకూ ఒక్క మాట. ఛాతీలో బరువు, మంట, పట్టేసినట్టుండటం, దానితో చెమటలో ఆయాసమో ఉంటే, వయసు ఎంతైనా, మొదటి పని గ్యాస్ బిళ్ళ కాదు. 108కి ఫోన్ చెయ్యండి, ఈసీజీ తియ్యమని అడగండి, తియ్యకపోతే గట్టిగా అడగండి.